ఇంపాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఇంటి దగ్గరే దించుకోవచ్చునా?

ప్రశ్న: మా నాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న 1965 నాటి షెవ్రొలే ఇంపాలా తిరుపతిలో మా ఇంట్లో ఉంది. 283 ఘనపు అంగుళాల వీ8 ఇంజను, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. షెడ్డులోనే ఉంటుంది, నెలకొకసారి బయటికి తీస్తాను. ఈ మధ్య ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి ఆయిలు కారుతోంది. పొద్దున స్టార్టు చేసి గేరు వేస్తే కాసేపటి దాకా బండి కదలడం లేదు. ఇక్కడి మెకానిక్కులు ఆటోమేటిక్ తమ పని కాదంటున్నారు. ఒకరైతే అది తీసేసి మామూలు గేర్‌బాక్సు పెట్టిస్తామన్నారు. వేసవి సెలవులకు మా అబ్బాయి, మేనల్లుడు వస్తున్నారు. ముగ్గురం కలిసి ఇంటి దగ్గరే గేర్‌బాక్సు దించి, సీలు మార్చి, మళ్లీ ఎక్కించగలమా? ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే కన్వర్టర్‌ను ఇంజనుకే వదిలేసి గేర్‌బాక్సును ఒక్కదాన్నే దించితే బరువు తగ్గుతుందని మా అబ్బాయి అంటున్నాడు. అలా చేయవచ్చునా?
— ఒక పాఠకులు, తిరుపతి

సమాధానం: అయ్యా, మీ అబ్బాయి అడిగిన దానికే ముందుగా జవాబు రాస్తాను, ఎందుకంటే ఆ ఒక్క పొరపాటు జరిగితే మీరు పడిన మిగతా శ్రమంతా వృథా అవుతుంది. కన్వర్టర్‌ను ఇంజనుకు వదిలి గేర్‌బాక్సును ఒక్కదాన్నే వెనక్కి లాగకూడదు. ఆ రెండూ కలిసే దిగాలి, కలిసే ఎక్కాలి. ఇక మీ ప్రశ్నకు వస్తే, గట్టి గచ్చు నేల, సరైన స్టాండ్లు, తొందరపడని ముగ్గురు మనుషులు ఉంటే పవర్‌గ్లైడ్‌ను ఇంటి దగ్గర దించడం సాధ్యమే. ఆ కాలపు ఆటోమేటిక్‌లలో ఇంత సులువైనవి తక్కువ. పెట్టె అల్యూమినియంతో పోసినది, కన్వర్టర్‌ను కప్పుతూ ఇంజనుకు ఆనుకునే గంట ఆకారపు బెల్ హౌసింగ్ దానితో ఏకంగానే ఉంటుంది, వైర్లూ కంప్యూటర్లూ లేవు. అయినా కన్వర్టర్‌తో, లోపల మిగిలిన ఆయిలుతో కలిపి 60 కిలోల పైమాటే కాబట్టి పడుకుని ఛాతీ మీదికి దించుకునే వస్తువు కాదు.

అయితే దాన్ని అసలు దించవలసిన అవసరం ఉన్నదో లేదో మీ ఉత్తరాన్ని బట్టి ఇంకా తేలలేదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి కారే ఆయిలు ఆ రెంటిలో దేనిదైనా కావచ్చు. బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, రాత్రి దాని కింద వెడల్పాటి తెల్ల కాగితాన్ని గాని, విప్పి పరిచిన అట్టపెట్టెను గాని వేసి ఉంచండి. తెల్లవారేసరికి పడిన మచ్చ ఎర్రగా, పలుచగా ఉంటే గేర్‌బాక్సు ఆయిలు. నల్లగా, గోధుమ రంగుగా ఉండి వేళ్ల మధ్య జిగటగా తగిలితే ఇంజను ఆయిలు. ఈ ఇంజనులో వాల్వు కవర్ల వెనక మూలల నుంచి కారిన ఆయిలు బ్లాకు వీపు మీదుగా జారి, సరిగ్గా బెల్ హౌసింగ్ కింది నుంచే బొట్లుగా పడుతుంది. దాన్ని చూసి గేర్‌బాక్సు దించినవారిని నేనెరుగుదును. క్రాంక్ షాఫ్టు వెనక సీలు పోయినా అక్కడి నుంచే కారుతుంది, కానీ 283 ఇంజనులో ఆ సీలు రెండు ముక్కలుగా ఉంటుంది. ఇంజను కింది సంపు విప్పి, వెనక బేరింగు మూత తీసి దాన్ని మార్చాలి తప్ప అందుకోసం గేర్‌బాక్సును ముట్టుకోవలసిన పని లేదు.

మచ్చ ఎర్రగా ఉంటే, బెల్ హౌసింగ్ కింద చిన్న బోల్టులతో బిగించి ఉండే రేకు మూత విప్పి, టార్చి వేసి లోపలికి చూడండి. కన్వర్టర్‌కు ఇంజను వైపు ముఖం పొడిగా ఉండి, గేర్‌బాక్సు వైపు తడిసి, ఆయిలు చుట్టూ చిమ్మినట్లు కనిపిస్తే గేర్‌బాక్సు ముందు భాగంలో ఆయిలును తోసే పంపు సీలే పోయిందని అనుకోవచ్చు. దానికి మాత్రం పెట్టె దించక తప్పదు. లోపలంతా పొడిగా ఉండి బయటే తడి ఉంటే, అడుగున ఆయిలు నిలిచే పాన్ గాస్కెట్, రేడియేటరుకు వెళ్లే గొట్టాల కీళ్లు, ఆయిలు మట్టం చూసే గేజీ పుల్ల దిగే గొట్టం మొదలు, గేరు మార్చే లీవరు కడ్డీ సీలు, ఇవన్నీ ఒక్కొక్కటిగా తుడిచి చూడాలి. వీటిలో ఏదైనా బండి కింద పడుకుని ఒక పూటలో సరిచేసుకోగల పనే.

పొద్దున బండి కాసేపటి దాకా కదలకపోవడం ఒక్కదాన్ని చూసి గేర్‌బాక్సు పాడైందని నిర్ణయించకండి. నెలకొకసారి కదిలే బండిలో కన్వర్టర్‌లోని ఆయిలు కొద్దికొద్దిగా కింది పాన్‌లోకి దిగిపోతుంది. స్టార్టు చేశాక పంపు దాన్ని మళ్లీ నింపేదాకా బండి కదలదు. అంతేకాక, అలా దిగిన ఆయిలుతో పాన్ నిండి మట్టం పెరగడం వల్ల లీవరు కడ్డీ సీలు దగ్గర కారడం కూడా చూస్తుంటాం. కారడం వల్ల మొత్తం ఆయిలే తగ్గి ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. కాబట్టి బండిని కొంత దూరం నడిపి వేడెక్కనిచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లో పెట్టి గేజీ పుల్ల చూడండి. ఇంజను ఆపి చూస్తే ఎప్పుడూ ఎక్కువే కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. గేర్‌బాక్సు వెనక భాగంలో వ్యాక్యూమ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బీ వంటిది ఉంటుంది, ఇంజను నుంచి ఒక సన్నని గొట్టం దానికి వస్తుంది. ఆ గొట్టపు రబ్బరు కొసను లాగి, లోపల ఒక తెల్ల గుడ్డపేలికను మెలిపెట్టి తిప్పండి. గుడ్డకు ఎర్రటి ఆయిలు అంటితే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగిందన్న మాట. అప్పుడు ఇంజనే గేర్‌బాక్సు ఆయిలును పీల్చి కాల్చేస్తుంది. నేల మీద చుక్క పడకుండానే ఆయిలు తగ్గుతుంది, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తుంది. పెట్టె దించకుండానే మార్చగలిగే భాగమిది. మొదటి గేరులో జారుతున్నట్లు అనిపిస్తే, పెట్టె ఎడమ పక్కన మొదటి గేరుకు పట్టు ఇచ్చే లో బ్యాండు అనే పట్టీ మరను సరిచేసుకునే ఏర్పాటు కూడా బయటే ఉంది. లాక్ నట్టు వదులు చేసి, మరను 70 అంగుళం-పౌండ్ల దాకా బిగించి, సరిగ్గా 4 చుట్లు వెనక్కి తిప్పి, మర కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. బ్యాండు కొత్తది, 6,000 మైళ్లు తిరగనిది అయితే 3 చుట్లు చాలు. అంత తక్కువ బిగింపును కొలిచే టార్క్ రెంచి దొరికితేనే ఈ పనికి పూనుకోండి, చేతి అంచనాతో వద్దు.

ఇవన్నీ చూసిన తరువాత కూడా పంపు సీలే అని తేలితే అప్పుడు దించడానికి సిద్ధపడదాం. మామూలు గేర్‌బాక్సు పెట్టిస్తామన్న సలహాను మాత్రం దయచేసి పక్కన పెట్టండి. క్లచ్ పెడలు, దాని లింకులు, ఫ్లైవీలు, క్రాంక్ వెనక పైలట్ బుష్, స్టీరింగు దగ్గరి లీవరు, అన్నీ మార్చవలసి వస్తుంది. ఒక్క చిన్న సీలు కోసం మీ నాన్నగారి బండి మరొక బండి అయిపోతుంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వర్గంలో, నంబరులో వీఏ అక్షరాలతో, ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకునే వీలుంది. ఛాసిస్, బాడీ, ఇంజను వంటివి మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నదే అందులో ముఖ్యమైన షరతు. అలాంటి గౌరవం దక్కదగిన బండి మీ షెడ్డులో ఉంది.

పనిముట్ల విషయంలో ఒక ఇబ్బంది మీకు మొదటి రోజే ఎదురవుతుంది. ఈ బండి బోల్టులన్నీ అంగుళాల కొలతవి. గేర్‌బాక్సు బోల్టులు చాలావాటి తల 9/16 అంగుళం, అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 నంబరు స్పానర్ ఎక్కదు, 15 నంబరు వదులుగా కూర్చుంటుంది. ఆ వదులు స్పానర్‌తోనే బలం పెడితే తల గుండ్రంగా అరిగిపోతుంది. బెల్ హౌసింగ్ పై బోల్టు ఒకటి అలా అరిగితే మీ సెలవులు దానితోనే అయిపోతాయి. జీపులకూ పాత అంబాసిడర్లకూ పనిచేసిన పెద్ద మెకానిక్కుల దగ్గర అంగుళాల స్పానర్లు ఇప్పటికీ ఉంటాయి. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా అడిగితే ఇస్తారు. లేకుంటే 3/8 నుంచి 3/4 అంగుళం దాకా రింగు స్పానర్లు, బాక్సు సాకెట్లు, ఒకటిన్నర అడుగు ఎక్స్‌టెన్షన్ కడ్డీ, మెడ తిరిగే జాయింటు కొనుక్కోవడం మంచిది. సీలు, గాస్కెట్లు ముందే తెప్పించుకోకుండా ఒక్క బోల్టు కూడా విప్పకండి. అమెరికాలో పవర్‌గ్లైడ్ భాగాలు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి కాబట్టి అక్కడ బంధువులుంటే వారి ద్వారా తెప్పించుకోవచ్చు, పాత బండ్ల విడిభాగాలకు పేరున్న చెన్నై పుదుప్పేటలోనూ ఒకసారి విచారించండి.

ఇక బండిని ఎత్తడం గురించి. ఈ ఉత్తరంలో మీరు మరేదీ గుర్తుంచుకోకపోయినా ఈ భాగాన్ని మాత్రం ముగ్గురూ కలిసి రెండుసార్లు చదవండి. మన ఊళ్లలో బండి కింద ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి దూరిపోయే అలవాటు ఉంది. బోలు సిమెంటు దిమ్మె ముందుగా పగులు చూపించదు, ఒక్కసారిగా పొడి అవుతుంది. ఒక్కొక్కటి కనీసం 3 టన్నులు మోయగల ఇనుప స్టాండ్లు నాలుగు కావాలి. వాటిని ఛాసిస్ కింద పెట్టాలి, బాడీ రేకు కింద కాదు. నేల మట్టిదైతే, తారుదైతే ఈ పనికి పనికిరాదు. మే నెల ఎండకు తారు మెత్తబడి స్టాండు కాలు దిగిపోతుంది. జాకీని ఎత్తడానికి మాత్రమే వాడండి, జాకీ మీద ఆగి ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టకండి. నాలుగు స్టాండ్ల మీద కూర్చోబెట్టాక బండిని పక్క నుంచి ఇద్దరూ గట్టిగా ఊపి చూడండి. అప్పుడు కదిలితే కదలనివ్వండి, కింద మనిషి ఉన్నప్పుడు కదలకూడదు. ఎంత ఎత్తు అంటే, జాకీ మీద కూర్చున్న గేర్‌బాక్సు బెల్ హౌసింగ్ పై అంచు బండి పక్క అంచు కింది నుంచి తగలకుండా బయటికి రావాలి. సుమారు 2 అడుగులు. చాలామంది ఒకటిన్నర అడుగుకే ఆపి, పెట్టె దించాక దాన్ని బయటికి తీయలేక, దాని పక్కనే మళ్లీ బండి ఎత్తుతారు. అది ప్రమాదం.

ఇంకొక సంగతి మీకు తెలిసే ఉండవచ్చు, అయినా చెబుతాను. ఆటోమేటిక్ బండిని పార్క్‌లో పెడితే కదలదని మనకు ధీమా. ఆ పార్క్ కొక్కెం గేర్‌బాక్సు లోపల ఉండి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారానే వెనక చక్రాలను ఆపుతుంది. షాఫ్టు తీసిన క్షణం నుంచి పార్క్‌కు అర్థం లేదు. బండి ఎత్తే ముందే కాక, పని అయ్యాక కిందికి దించేటప్పుడు కూడా చక్రాలకు అడ్డుదిమ్మెలు ఉండాలి.

పని వరుసలో మొదటిది బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పడం. స్టార్టరు దగ్గరి లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ తగిలితే నిప్పురవ్వలు వస్తాయి. రెండోది, చాలామంది మరచిపోయేది, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పక్కన పెట్టడం. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ వెనక కొసన, డ్యాష్‌బోర్డు గోడకు ఆనుకున్నట్లు ఉంటుంది. గేర్‌బాక్సు కింది అడ్డకమ్మీ తీయగానే ఇంజను వెనక్కి వాలుతుంది, మూత గోడకు తగిలి పగులుతుంది. పై నుంచే కార్బరేటరు దగ్గర గేర్‌బాక్సుకు దిగే కడ్డీని కూడా విప్పేయండి. సైలెన్సరు గొట్టం ఇంజను కింద అడ్డంగా పోతుంది కాబట్టి దాన్నీ దించక తప్పదు. మ్యానిఫోల్డు స్టడ్లు అరవై ఏళ్ల తుప్పుతో ఉంటాయి. పనికి రెండు రోజుల ముందు నుంచే పూటకొకసారి తుప్పు వదిలించే ఆయిలు కొడుతూ ఉండండి, విప్పేటప్పుడు ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పడుకుని చేసే పనిలో తుప్పు నేరుగా కంట్లోనే పడుతుంది.

పాన్ విప్పి ఆయిలు దించుకోండి. దిగేది మొత్తంలో మూడో వంతు మాత్రమే, మిగతాదంతా కన్వర్టర్‌లో ఉంటుంది. ఆ ఆయిలును చేతిలోకి తీసుకుని వాసన చూడండి. పాన్ అడుగున బూడిద రంగు మెత్తటి మడ్డి కొంచెం ఉంటే కంగారు లేదు, అది సహజమైన అరుగుదల. ఆయిలు నల్లగా మాడిన వాసన కొట్టినా, మడ్డిలో ఇనుప రజను, ఇత్తడి తునకలు మెరిసినా సీలు ఒక్కటే మార్చి ఎక్కించడం దండగ. పెట్టెను తెలిసినవారి చేత పూర్తిగా విప్పించాలి. పాత ఆయిలును కాలువలో పోయకండి, ఆ కాలువలు స్వర్ణముఖిలోకే చేరతాయి. డబ్బాలో పట్టి ఉంచితే పాత ఆయిలు కొనేవారు తీసుకుపోతారు.

ప్రొపెల్లర్ షాఫ్టుకూ వెనక ఫ్లాంజికీ సుద్దతో కాక గీతతో గుర్తు పెట్టి, విప్పగానే యూ-జాయింటు గిన్నెలకు చుట్టూ టేపు వేయండి. లేకుంటే సూది బేరింగులు రాలిపోతాయి. షాఫ్టు ముందు కొసను గేర్‌బాక్సు తోక నుంచి లాగగానే ఆయిలు ధారగా వస్తుంది, అక్కడ ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. స్పీడోమీటరు కేబులు, మాడ్యులేటర్ గొట్టం, గేరు లీవరు కడ్డీ విప్పడంలో కష్టమేమీ లేదు. రేడియేటరుకు వెళ్లే రెండు ఇనుప గొట్టాల దగ్గర మాత్రం రెండు స్పానర్లు వాడండి, ఒకటి నట్టుకు, ఒకటి పెట్టె వైపు కీలుకు. ఒక్క స్పానర్‌తో తిప్పితే గొట్టమే మెలిపడుతుంది. విప్పిన బోల్టులను ఒక అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీసి, ఏ చోటిది ఆ చోట గుచ్చి ఉంచండి. ఫోనులో ఫొటోలు ఎన్ని తీసినా ఈ అట్ట చేసే మేలు వేరు, ఎందుకంటే ఒకే లావున్న బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి.

తరువాత కన్వర్టర్. దాన్ని క్రాంక్ వెనక ఉండే పలుచటి ఇనుప పళ్లెం, అంటే ఫ్లెక్స్ ప్లేటుకు పట్టి ఉంచేవి మూడు బోల్టులు. ముందుగా కన్వర్టర్‌కూ ప్లేటుకూ ఒకే చోట పెయింటు గుర్తు పెట్టండి. ఆ రెంటి బరువులు ఒకదానికొకటి సరిపోయేలా కూర్చి ఉంటాయి, గుర్తు తప్పితే బండి వణుకుతుంది. ఒక బోల్టు తీసి ఇంజను తిప్పి రెండోది, మళ్లీ తిప్పి మూడోది. ఈ 283 ఇంజన్లలో చాలావాటికి ముందు పుల్లీ నడుమ బోల్టే ఉండదు కాబట్టి అక్కడ స్పానర్ వేసి తిప్పే వీలు లేదు. స్పార్కు ప్లగ్గులు తీసేసి, కింది నుంచి ఆ ప్లేటు అంచున ఉన్న పళ్లచక్రాన్ని పెద్ద స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పన్నుగా తోయండి. మూడూ తీశాక కన్వర్టర్‌ను రెండు చేతులతో గేర్‌బాక్సు వైపు వెనక్కి నెట్టండి. అది ప్లేటును వదిలి కొద్దిగా వెనక్కి జరగాలి. జరగకపోతే నడుమ మొలక తుప్పుతో పట్టి ఉంటుంది, ఆయిలు కొట్టి ఓపికగా కదపండి, అది వదలకుండా బెల్ హౌసింగ్ జోలికి పోవద్దు.

ఇప్పుడు గేర్‌బాక్సు పాన్ కింద వెడల్పాటి చెక్కపలక, దాని కింద జాకీ. ట్రాలీ జాకీకి గేర్‌బాక్సు కూర్చునే తొట్టి వంటిది వెల్డింగు షాపులో చేయించుకుని, గొలుసుతో గాని గట్టి పట్టీతో గాని పెట్టెను దానికి కట్టేయడం చాలా మేలు. బరువంతా ముందు కొసన, కన్వర్టర్ వైపు ఉంటుందని మరవకండి. ఇంజను వెనక అంచు కింద కూడా వేరే జాకీ, వేరే చెక్క ఉండాలి. ఇంజను సంపు పలుచటి రేకు. చెక్క లేకుండా ఎత్తితే అది లోపలికి నొక్కుకుని ఆయిలు పీల్చే జల్లెడకు ఆనుతుంది, ఆ తరువాత ఇంజనుకు ఆయిలు అందదు. వెనక రబ్బరు మౌంటు, అడ్డకమ్మీ తీసి రెండు జాకీలనూ కలిపి రెండు అంగుళాలు దించితే బెల్ హౌసింగ్ పై బోల్టులు వెనక నుంచి పొడవాటి కడ్డీకి అందుతాయి. మొత్తం ఆరు బోల్టులు. అవి తీశాక కూడా పెట్టె రెండు డోవెల్ పిన్నుల మీద నిలిచి ఉంటుంది. దాన్ని నేరుగా వెనక్కి జరపాలి, వంకరగా లాగకూడదు. రెండు అంగుళాలు వెనక్కి రాగానే బెల్ హౌసింగ్ అంచుకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ బోల్టుతో బిగించండి, కన్వర్టర్ ముందుకు జారి మీద పడకుండా. దించుతున్నంతసేపూ జాకీ దగ్గర ఒకరు, ఇరుపక్కల ఒక్కొక్కరు. పెట్టె కింద ఎవరూ వద్దు.

బల్ల మీదికి చేర్చాక కన్వర్టర్‌ను నేరుగా బయటికి లాగి, పంపులోకి దూరే దాని మెడను శుభ్రంగా తుడిచి, సీలు తిరిగే చోట గోరు అడ్డంగా ఆనించి జరపండి. గోరు గాడిలో ఆగితే కొత్త సీలు వేసినా కారుతుంది. మెడను లేతు పనివారికి చూపించాలి, లేదా కన్వర్టర్ మార్చాలి. పంపు లోపలి బుష్ అరిగి ఉంటే మెడ ఊగి, సీలును కొద్ది నెలల్లోనే తినేస్తుంది. సీలు మార్చి ఊరుకోకుండా ఆ బుష్‌ను తప్పక చూడండి. కొత్త సీలు పెదవికి ఆటోమేటిక్ ఆయిలు రాసి, పైన చదునైన చెక్క పెట్టి చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాలి. ఈ అవకాశంలోనే ఫ్లెక్స్ ప్లేటు బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లున్నాయేమో, వెనక రబ్బరు మౌంటు ఉబ్బిందేమో కూడా చూసుకోండి.

మీ అబ్బాయి మాటకు పూర్తి జవాబు ఇక్కడ ఉంది. కన్వర్టర్ గేర్‌బాక్సులోకి వెళ్లేటప్పుడు మూడు చోట్ల కుదురుకోవాలి: లోపలి షాఫ్టు పళ్ల మీద, దాని చుట్టూ ఉన్న గొట్టపు పళ్ల మీద, చివరగా పంపు గేరు కొమ్ములలో. కన్వర్టర్‌కు ముందుగా కొంత ఆయిలు పోసి, మెడ సీలులోకి ఎక్కించి, నెమ్మదిగా తిప్పుతూ నెట్టితే ఒకసారి టక్కుమని లోపలికి దిగుతుంది, ఇంకా తిప్పితే మరోసారి, చివరికి మూడోసారి. ఆ మూడో దిగుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది, కన్వర్టర్ అంచు బెల్ హౌసింగ్ ముఖం కంటే బాగా లోపలికి పోతుంది. కన్వర్టర్ ఇంజను మీద ఉండిపోతే ఈ మూడింటినీ ఎవరూ చూడలేరు, బరువైన పెట్టెను గాలిలో పట్టుకుని గుడ్డిగా కుదర్చాలి.

మద్రాసులో నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక వర్క్‌షాపులో ఇది నా చేతుల మీదుగానే జరిగింది. పెట్టె ఇంజనుకు చేరింది గాని చుట్టూ వేలు మందం సందు మిగిలింది. బోల్టులతో లాగితే అదే వస్తుందని పై మేస్త్రీ చెప్పాడు. ఆరు బోల్టులనూ వంతులవారీగా నేనే బిగించాను, సందు మూసుకుంది. స్టార్టు చేయగానే రంపంతో కోస్తున్నట్లు చప్పుడు, ఏ గేరులోనూ బండి కదలలేదు. మళ్లీ దించి చూస్తే పంపు గేరు కొమ్ములు విరిగి, పంపు ఒళ్లంతా గీసుకుపోయి ఉంది. ఆ భాగం విదేశం నుంచి వచ్చేదాకా నాలుగు నెలలు ఆ బండి మూలన నిలిచింది. యజమాని వారానికొకసారి వచ్చి దాని దగ్గర నిలబడి వెళ్లేవాడు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అందుకే చెబుతున్నాను, బెల్ హౌసింగ్ ఇంజను బ్లాకుకు చేత్తో నెడితేనే ఆనుకోవాలి, బోల్టుతో లాగి ఆనించకూడదు. ఆనుకుని, ఆరు బోల్టులూ బిగిసిన తరువాత కూడా కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ కనిపించాలి. ఆ ఖాళీ లేకపోతే వెంటనే పెట్టెను వెనక్కి తీయండి. ఉంటే, పెయింటు గుర్తులు కలిపి, కన్వర్టర్‌ను ముందుకు తెచ్చి, మూడు బోల్టులనూ 35 అడుగు-పౌండ్లకు బిగించండి. బెల్ హౌసింగ్ బోల్టులకూ అంతే.

ఆటోమేటిక్ ఆయిలులో డెక్స్రాన్ రకమే పోయండి. బండి తయారైన నాడు టైప్ ఏ సఫిక్స్ ఏ అనేవారు, దాని స్థానంలోనే డెక్స్రాన్ వచ్చింది. గేర్‌బాక్సు అనగానే 90 నంబరు గేరు ఆయిలు తెచ్చి పోసేవారున్నారు, అది ఈ పెట్టెకు పనికిరాదు. స్టార్టు చేయకముందే నాలుగు లీటర్లు పోసి, స్టార్టు చేసి ఐడిలింగులో ఉంచి, కన్వర్టర్ పీల్చుకునే కొద్దీ గేజీ చూస్తూ కొంచెం కొంచెంగా కలపండి. బండి స్టాండ్ల మీద ఉండగానే ఒకసారి అన్ని గేర్లలోకీ వేసి, కింద కారడం లేదని చూసుకుని, అప్పుడు దించండి.

మొదటి వారం ఘాట్ రోడ్డు వద్దు. రెండు గేర్ల పెట్టెకు ఎత్తు ఎక్కడం అంటే కన్వర్టర్‌లో వేడి పెరగడమే, కొత్త సీలుకు ఆ పరీక్ష అప్పుడే పెట్టకూడదు. రేణిగుంట వైపు చదును రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి రండి. వచ్చాక వేడి మీదే గేజీ చూసి, ఆ రాత్రి అదే తెల్ల కాగితాన్ని మళ్లీ బండి కింద పరవండి. పొద్దున దాని మీద చుక్క కనిపిస్తే దాని రంగు, పడిన చోటు, గేజీ మట్టం నాకు రాయండి. ఆ మూడూ తెలిస్తే తరువాత ఏం చూడాలో చెప్పగలను.